భద్రం బండికి వేడి మీట

జూబిలీహిల్స్, హైదరాబాదు
వినాయక చవితి వెళ్ళిన వారం, 1991

తమ్ముడు సుబ్బరామయ్యకి,

ఇక్కడంతా క్షేమం అని మొదలుపెట్టాలి. చెయ్యి రావడం లేదు. నేను బాగానే ఉన్నాను. ప్రొడ్యూసరు చలపతిరావు గారింట్లో వంట చేస్తున్నాను. షూటింగ్ ఉన్న రోజున క్యారేజీలు కడుతున్నాను. వెనక గదిలో పడుకుంటున్నాను.

నీతో ఒక పని పడింది. మా అయ్యగారి మేకప్ బండి నీకు తెలుసు కదా. ఎవరో దొరలు వాళ్ళ దేశం నుంచి రోడ్డు మీద వేసుకుని వచ్చి, తిరిగి పోలేక గోవాలో అమ్మేసి పోయిన బండి. లోపల మంచం, బల్ల, పొయ్యి, కుళాయి అన్నీ ఇల్లులాగే ఉంటాయి. హీరోయిన్లు ముస్తాబయ్యేది అందులోనే. నా కొడుకు, నీ మేనల్లుడు భద్రం నడిపింది ఆ బండినే.

ఆ బండికి చలికాచుకునే హీటరు ఉంది. బండి అడుగున చిన్న పొయ్యిలాగా ఉంటుందిట. ఇంజను ఆపేసినా అది మండుతుందిట. పొగ గొట్టంలోంచి బయటికి పోయి, వేడిగాలి మాత్రం లోపలికి వస్తుందిట. భద్రం చెప్పాడు. దాన్ని వెలిగించే మీట డ్రైవరు ముందు ఉంటుంది. ఆ మీట విరిగిపోయింది. పోయిన పుష్యంలో షూటింగుకి మంచుకొండల్లోని కులూ వెళ్ళే ముందు వాడు దాన్ని ఊడదీసి రాణీగంజ్ అంతా తిరిగాడు. ఇక్కడ హీటరు ఎవడికి కావాలి, దొరకలేదు. విరిగినదాన్ని గుడ్డలో చుట్టి నా పెట్టెలో పెట్టి, వచ్చాక చూద్దాంలే అమ్మా అని వెళ్ళాడు.

అది నా దగ్గరే ఉంది. అరచేతికి కొంచెం పెద్ద నల్ల పలక. ఎడం పక్క రేడియోకి ఉన్నట్టు గుండ్రటి బిరడా, సగం పగిలింది. కుడి పక్క సన్నటి గాడి, అందులో అటూ ఇటూ జరిపే పుల్ల విరిగి ఉంది. ఇడ్లీపాత్ర మీద ఆవిరిలాగా మూడు వంకర గీతలు గీసి ఉన్నాయి. కింద ఎర్ర చుక్కలు మూడు వరసగా ఉన్నాయి.

పుష్యమాసంలో మళ్ళీ కులూ వెళతారుట. రెండు పాటలు తీస్తారు. కాశ్మీరులో గొడవలని ఇప్పుడందరూ అక్కడికే పోతున్నారు. భద్రం స్థానంలో యాదగిరి అని కొత్త డ్రైవరు వచ్చాడు. రహమత్ నగర్‌లో ఉంటాడు. ఇద్దరు ఆడపిల్లలు. వాడు వెళ్ళేలోగా ఈ మీట పెట్టించాలి. నాకు వేరే ధ్యాస లేదు. ఢిల్లీలో దొరుకుతుందేమో చూడు.

మరదలు రాజ్యలక్ష్మిని అడిగానని చెప్పు.

అక్క అమ్మాజీ


న్యూఢిల్లీ
సెప్టెంబరు నెలాఖరు

అక్కయ్యకి,

నీ ఉత్తరం చూసి రాజ్యలక్ష్మి ముందు సంతోషించింది. చదివాక లోపలికి వెళ్ళిపోయింది.

కాంటీనులో పని ఎప్పటిలాగే ఉంది. మన వాళ్ళు ఢిల్లీ వచ్చి కూడా గోంగూర పుల్లగా లేదని నాతో తగాదా పెట్టుకుంటారు. మొన్న ఒకాయన అన్నాడు, "సుబ్బరామయ్యా, నీ సాంబారు తాగితే పార్లమెంటులో ప్రశ్న అడగాలనిపిస్తోంది" అని.

ఆదివారం కాశ్మీరీ గేటు దగ్గర మోటారు సామాన్ల బజారుకి వెళ్ళాను. గరిటె పట్టేవాణ్ణి నాకు బండి సంగతి ఏం తెలుసు. "ఏ కంపెనీ, ఏ ఏడాది, నంబరెంత?" అన్నాడు కొట్టువాడు. "ఇడ్లీ ఆవిరిలాగా గీతలుంటాయి" అన్నాను. పక్క కొట్టువాణ్ణి కూడా పిలిచి మళ్ళీ చెప్పించుకుని నవ్వారు.

ఆ ముక్కని నాకు పంపెయ్యి. వస్తువు చేతిలో ఉంటేనే పని అవుతుంది.

ఇంకొక మాట. కోపం తెచ్చుకోకు. ఆ బండి సంగతి నీకెందుకక్కా? అది వాళ్ళ బండి, వాళ్ళ షూటింగు. కొన్నాళ్ళు ఇక్కడికి రా. మాతో ఉండు.

సుబ్బరామయ్య


జూబిలీహిల్స్
దసరా ముందు

తమ్ముడూ,

ముక్కని పంపను. పోస్టులో పోతే మళ్ళీ రాదు. దాని వెనక వాడి వేళ్ళ గ్రీజు మరక ఉంది. నేను తుడవలేదు.

దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. చిన్నప్పుడు నువ్వు రూపాయి బిళ్ళ మీద రుద్దేవాడివి చూడు, అలాగ. ఆవిరి గీతలు బాగా పడ్డాయి. కింద చుక్కల దగ్గర మాత్రం ముద్దలాగా పడింది. అవి ఎర్రటివని పక్కన రాశాను. కొలతకి దారం కూడా కత్తిరించి పెట్టాను. కాగితంలోనే ఉంది, పారేసేవు.

అయ్యగారిని అడిగాను. కాఫీ ఇస్తూ అడిగాను. "బాబుగారూ, ఆ బండికి హీటరు బాగుచేయించండి" అన్నాను. ఆయన పేపరు దించి, "ఏంటి అమ్మాజీ, మన ఎండలకి హీటరా? ఫిల్మ్‌నగర్‌లో ఎవడైనా వింటే నన్ను ఆట పట్టిస్తాడు" అన్నారు. తర్వాత నా మొహం చూశారు. "సరే, సామాను దొరికితే పెట్టించుకో. నేను వద్దనను" అన్నారు. మంచివారే. కానీ బండి వెళ్ళడం మాత్రం మానదు.

నీ ఇంటికి రమ్మన్నావు. రాను. ఎక్కడున్నా ఒకటే.

నిన్నొకటి అడుగుతాను. భద్రాన్ని కులూలోనే దహనం చేసి, నువ్వు వాడి సామాను తెచ్చి ఇచ్చావు. గుండె ఆగిందన్నావు, చలి అన్నావు. వాడి స్వెట్టరు నేను ఉతకలేదు. పెట్టె తీసినప్పుడల్లా బొగ్గు వాసన వస్తుంది. గుండె ఆగినవాడి స్వెట్టరుకి బొగ్గు వాసన ఎందుకొస్తుంది సుబ్బరామయ్యా?

అమ్మాజీ


న్యూఢిల్లీ
దీపావళి మర్నాడు

అక్కయ్యకి,

శుభవార్త. దొరికింది! నీ కాగితం, దారం పట్టుకుని అయిదారు కొట్లు తిరిగాను. ఒక ముసలి సర్దార్జీ ఆవిరి గీతలు చూసి, "హీటరుదే" అన్నాడు. కానీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈ గీతలు చాలా బళ్ళకుంటాయి. ఎర్ర చుక్కలు మూడు వరసగా ఉండేది మాత్రం ఒక లారీ రకానికే" అన్నాడు. లోపలినుంచి తెచ్చి చూపించాడు. అచ్చంగా మూడు ఎర్ర చుక్కలు. ఒకటి చిన్న వేడికి, రెండోది మధ్య వేడికి, మూడోది పెద్ద వేడికిట. దారం పెట్టి చూశాను. కొంచెం తేడా ఉంది. మీ దారం సాగి ఉంటుందిలే అన్నాడు.

మన కాంటీనుకి వచ్చే గుంటూరాయన ఏ.పి. ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. ఆయనకిచ్చి పంపుతున్నాను. బండికి పెట్టించు.

ఇక్కడ చలి మొదలైంది. రాజ్యలక్ష్మి నీకు శాలువా పంపుతానంటోంది.

సుబ్బరామయ్య


జూబిలీహిల్స్
కార్తీకమాసం

తమ్ముడూ,

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. నీ ఉత్తరం ముందూ వెనకా చూశాను. శాలువా గురించి రాశావు.

నువ్వు పంపింది పట్టలేదు. యాదగిరి దాన్ని పట్టుకుని బండి ఎక్కి దిగాడు. "గిది లారీది అమ్మా. మన బండికి దీనికి సంబంధమే లేదు. పాతది ఏది, జర చూపియ్యి" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి గుడ్డ విప్పి తెచ్చాను. చేతికివ్వలేదు, పట్టుకుని చూపించాను. వాడు వంగి చూశాడు. వేలితో గీకాడు. వాసన చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు.

"అమ్మా! గివి ఎర్ర సుక్కలా? బొట్లు! ఆయుధపూజ నాడు నువ్వు పెట్టిన బొట్లు!"

నిజమే తమ్ముడూ. ప్రతి దసరాకీ బండికి పూజ చేసినప్పుడు నేనే పెట్టేదాన్ని. స్టీరింగుకి, అద్దానికి, ఆ పలకకి. పలక మీద బొట్టు పెట్టడానికి కింద అంచే చదునుగా ఉండేది. నూనెతో కలిపిన పసుపు కుంకం, ఏడాది మీద ఏడాది రాయిలాగా గట్టిపడింది. నేనే పెట్టి, నేనే మరచిపోయి, కంపెనీవాడు పెట్టాడనుకున్నాను. నువ్వు ఢిల్లీలో నా బొట్ల కోసం తిరిగావు.

యాదగిరి నవ్వుతుంటే నేనూ నవ్వాననుకుంటాను. వాడు నా మొహం చూసి ఆపేశాడు.

"జర కిరసనాయిలు ఇయ్యమ్మా, కడిగితే కింద ఏమున్నదో తెలుస్తది" అన్నాడు. ముందరి వైపే కడగమన్నాను, వెనక ముట్టుకోవద్దన్నాను. ఎందుకని అడగలేదు. అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి మెల్లిగా తీశాడు. బొట్ల కింద సన్నటి అక్షరాలు, అంకెలు ఉన్నాయి. కంపెనీ పేరు, నంబరు. యాదగిరి కాగితం మీద దించాడు. ఇందులోనే పెట్టాను. అది చూపిస్తే ఎవరూ నవ్వరట.

తుడిచాక మెట్టు మీద కూర్చున్నాడు. "అమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. భద్రం అన్నకు గుండెనొప్పి ఎట్ల వచ్చింది? గుట్టలెక్కి లైట్లు మోసేటోడు. నాకన్న చిన్నోడు. నేను గీ బండ్లనే పండుకోవాలె. నగలుంటయి, బట్టలుంటయి, కాపలా ఉండాలె గద. జర నిజం చెప్పు" అన్నాడు.

నాకు తెలియదన్నాను. నాకు తెలియకుండా పెట్టింది నువ్వు.

నేను ఏడుస్తానని దాస్తున్నావు. నాకు ఏడుపు రావడం లేదు సుబ్బరామయ్యా. పోయిన పుష్యం నుంచీ రావడం లేదు. నా గురించి భయపడకు. నువ్వు చెప్పకపోతే నేను యాదగిరికి చెప్పలేను. యాదగిరికి ఎవరూ చెప్పకపోతే వాడూ చలికి అదే పని చేస్తాడు. అదేమిటో నువ్వు రాయి.

అమ్మాజీ


న్యూఢిల్లీ
డిసెంబరు

అక్కా,

రాస్తున్నాను. రాజ్యలక్ష్మి పక్కన కూర్చుని రాయిస్తోంది. లేకపోతే మళ్ళీ శాలువా గురించే రాసేవాణ్ణి.

భద్రానిది గుండెనొప్పి కాదు. ఆ రాత్రి మంచు బాగా పడింది. హోటలువాడి దగ్గర బొగ్గుల కుంపటి అడిగి తెచ్చుకున్నాడు. బండిలో పెట్టుకుని తలుపులు, కిటికీలు బిగించుకున్నాడు. చలిగాలి రాకుండా సందుల్లో పాత గుడ్డలు కూడా కుక్కాడు. మూసిన చోట బొగ్గులు కాలితే విషగాలి పుడుతుందిట. స్వెట్టరుకి పట్టింది బొగ్గుల వాసనే, ఆ విషగాలికి మాత్రం పొగ ఉండదు, వాసన ఉండదు, మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటుందిట. అక్కడి డాక్టరు నాకు చెప్పాడు. ఆ కొండల్లో ఏటా చలికాలం ఎవరో ఒకరు ఇలాగే పోతారుట. షూటింగు మేనేజరు పోలీసులతో గొడవ ఎందుకని గుండె అని రాయించాడు. నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. అక్కకి కూడా ఇదే చెబుదాం, ఎలాగూ మనిషి పోయాడు అనుకున్నాను. ఇంకొక మనిషి ఆ బండి ఎక్కుతాడని నాకు తట్టలేదు.

నువ్వు ఇంకా అడుగుతావు, అందుకని అదీ రాస్తున్నాను. నేను వెళ్ళేసరికి వాణ్ణి బండిలోంచి దింపలేదు. మంచం మీద పక్కకి తిరిగి ఉన్నాడు. దుప్పటి మెడ దాకా ఉంది. మొహం ఎర్రగా, ఎండలో తిరిగి వచ్చినట్టుగా ఉంది. బూట్లు లోపల లేవు. బండి మెట్టు కింద, బయట విడిచాడు. వాటి నిండా మంచు ఉంది. అందరూ బూట్లతో ఎక్కే బండి, వీడొక్కడే గుమ్మం బయట విడిచి ఎక్కేవాడని మేకప్ ఆయన చెప్పాడు. ఆ బూట్లు నీకు తెచ్చి ఇవ్వలేకపోయాను. అక్కడ ఒక కూలికి ఇచ్చేశాను.

నంబరు కాగితం సర్దార్జీకి చూపించాను. ఈసారి నవ్వలేదు. ఇది కాశ్మీరీ గేటులో దొరకదు, మాయాపురికి పొమ్మన్నాడు. పాత బళ్ళు పగలగొట్టి అమ్మే చోటు అది. ఏదో ఎంబసీవాళ్ళు వేలం వేసిన బండి అక్కడ పడి ఉంది. మీ బండికి తోబుట్టువే. నాకు చూడగానే తెలిసింది. మంచం అక్కడే, కుళాయి అక్కడే. డ్రైవరు ముందు ఆ పలక ఉంది. పగల్లేదు. బొట్లు లేవు, నంబరు ఉంది. నేనే అంకె అంకె చూసుకున్నాను. తీగలతో సహా ఊడదీయించి, ఎలా కలపాలో బొమ్మ గీయించి పంపుతున్నాను.

నన్ను తిట్టు అక్కా. ఉత్తరం రాసి తిట్టు.

సుబ్బరామయ్య


జూబిలీహిల్స్
ధనుర్మాసం

సుబ్బరామయ్యా,

చదివాను. తిట్టడానికి ఏమీ లేదు.

ఉత్తరం వచ్చినప్పుడు పప్పు రుబ్బుతున్నాను. చదివి రుబ్బడం పూర్తి చేశాను. గారెలు వేశాను. ఎవరికో పుట్టినరోజు. అందరూ తిన్నారు.

సాయంత్రం యాదగిరిని పిలిచి చెప్పాను. కుంపటి, కిటికీలు, గుడ్డలు, అన్నీ చెప్పాను. బూట్ల సంగతి చెప్పలేదు. అది నేను ఉంచుకున్నాను. వాడు తలమీద రుమాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నేను గుడ అదే జేద్దును అమ్మా. మా ఇంట్ల చలైతే మేం గట్లనే కుంపటి పెట్టుకుంటం. రేకుల ఇల్లు, సందులుంటయి, గాలి పోతది. గా బండ్ల సందు లేదు" అన్నాడు.

తర్వాత అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి తెలుసనుకున్నాను. తెలియదు తమ్ముడూ. మేనేజరు ఆయనకీ గుండె అనే చెప్పాడుట. "మీట పట్టకపోతే బండి కులూ వెళ్ళదు అమ్మాజీ. హీరోయిను చీకట్లో చెట్టు చాటున చీర మార్చుకున్నా సరే" అన్నారు.

నువ్వు పంపింది పట్టింది. యాదగిరి, ఇంకో మెకానిక్కు పొద్దున మొదలుపెట్టారు. బొమ్మ తలకిందులుగా పట్టుకుని ఒకసారి, సరిగ్గా పట్టుకుని ఒకసారి తీగలు కలిపారు. బిరడా తిప్పి పుల్ల జరిపితే బండి కింద గుర్రుమంది. గొట్టంలోంచి పొగ బయటికే వచ్చింది, నేను చెయ్యి పెట్టి చూశాను. లోపల గాలి వేడిగా వచ్చింది. బయట పక్కింటి శకుంతలమ్మగారి తోటమాలి నిలబడి, "ఈ ఎండలో హీటరు వేసుకుని కూర్చున్నారు, వీళ్ళకి మతిపోయింది" అన్నాడు. మేం ముగ్గురం చెమటలు కక్కుతూ బండిలో కూర్చున్నాం. ఆపమని నేను అనలేదు. వాళ్ళూ ఆపలేదు.

సంక్రాంతి వెళ్ళాక బయలుదేరతారు. ఢిల్లీ మీదుగా వస్తారు. వెళ్ళి చూడు.

అమ్మాజీ


న్యూఢిల్లీ
జనవరి నెలాఖరు, 1992

అక్కయ్యకి,

యాదగిరి వచ్చాడు. బండిని కాంటీను ముందు పెట్టి, "అమ్మాజమ్మ తమ్ముడు ఎవరు?" అని అరిచాడు. లోపల మంత్రిగారి పీఏ భోజనం చేస్తున్నాడు, అయినా వెళ్ళాను.

పోయిన ఏడాది తర్వాత ఆ బండి మెట్టు ఎక్కుతానని అనుకోలేదు. కిందే నిలబడిపోయాను. యాదగిరి చూసి చెయ్యి ఇచ్చాడు. మీట తిప్పి చూపించాడు. బయట మంచు కురవకపోయినా ఢిల్లీ చలి నీకు తెలియదు, ఎముకలు కొరుకుతుంది. కాసేపటికి లోపల వెచ్చబడింది. వాడికి పులిహోర పొట్లం కట్టి ఇచ్చాను. "కుంపటి ఎవరిచ్చినా తీసుకోకు" అన్నాను. "అమ్మ ఒట్టేయించుకున్నది సార్. మళ్ళ మీరు గుడనా?" అన్నాడు.

వెళ్ళిపోయాక నాకు పని చెయ్యబుద్ధి కాలేదు. నువ్వు ఎలా ఉన్నావు? నిజంగా రాయి.

సుబ్బరామయ్య


జూబిలీహిల్స్
మాఘమాసం

తమ్ముడు సుబ్బరామయ్యకి,

బండి నిన్న తిరిగి వచ్చింది. గేటు దగ్గర హారను వినపడింది. నేను వంకాయలు తరుగుతున్నాను. లేవలేదు. లేస్తే ఎవరు దిగుతారో అని కూర్చునే ఉన్నాను.

యాదగిరి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నల్లబడ్డాడు, పెదాలు పగిలాయి. వస్తూనే, "ఏం హీటరు పెట్టిచ్చినవు అమ్మా! బయట గంత మంచు, లోపల ఉడకపోసి సచ్చిన!" అన్నాడు.

అని నాలుక కరుచుకున్నాడు. చెంపలు వేసుకున్నాడు. నేను కత్తిపీట పక్కన పెట్టాను.

"ఎంత ఉక్కపోసింది?" అన్నాను.

"ఒద్దు అమ్మా, నోరు జారిన."

"చెప్పు. ఎంత ఉక్కపోసింది?"

అప్పుడు చెప్పాడు. మొదటి రాత్రి స్వెట్టరు తీసేశాడుట. తర్వాత దుప్పటి తన్నేశాడుట. మీట తగ్గించినా వేడి తగ్గక బనీను కూడా విప్పి, ఆ మంచులో కిటికీ కొంచెం తెరిచి పడుకున్నాడుట. పొద్దున హోటల్లో పడుకున్నవాళ్ళు వణుకుతూ వచ్చి తలుపు కొడితే వీడు చెమట తుడుచుకుంటూ తీశాడుట. మర్నాటి నుంచి లైట్లవాళ్ళు, మేకప్ ఆయన, ఆఖరికి మేనేజరు కూడా అక్కడే చాపలు పరుచుకున్నారుట. "మేనేజరు సారు గురక పెడితె బండి స్టార్టయిందనుకున్న అమ్మా" అన్నాడు.

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. బనీను దగ్గరికి వచ్చేసరికి ఆపి, ఇంకొకసారి అన్నాను. విసుక్కోలేదు. ఆడపిల్లల తండ్రి కదా, చెప్పిందే చెప్పడం అలవాటు.

ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. వాడికి కంచం పెట్టి అన్నం వడ్డించాను. పిల్లల దగ్గరికి పోవాలంటూనే మూడుసార్లు పెట్టించుకున్నాడు. వాడు తింటుంటే నాకు ఆకలేసింది. నేనూ ఒక కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను.

ఏడాదిగా నా కూరలకి ఉప్పు చూసేది అమ్మగారు రాజమ్మగారే. నా నోటికి తెలియడం లేదని నేనే చూడమన్నాను. నిన్న ఆవిడ ఊళ్ళో లేరు. మొదటి ముద్ద పెట్టుకున్నాను. వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైంది. యాదగిరి మర్యాదకి చెప్పలేదు. నాకే తెలిసింది.

అక్క అమ్మాజీ